ఆరోగ్య పాఠం: మందు ఇచ్చాము, మరి పగలంతా ఎక్కడ ఉంచాలి?

చదవవలసిన వాక్య భాగాలు: 2 సమూయేలు 9వ అధ్యాయము, మార్కు 5:1-20



మామిడికాయలు కోసే రోజుల్లో ఒక తల్లి తన కొడుకును వెంటబెట్టుకుని మా ఓపీకి వచ్చింది. అబ్బాయికి ఇరవై రెండేళ్లు. పుట్టుకతోనే బుద్ధిమాంద్యం, దానికి తోడు మూర్ఛ. ఎడమ కాలికి మడమ పైన చుట్టూ పుండు పడింది. తాడు ఒరుసుకుని పడిన పుండు అది. సంగతి తెలియగానే మేము ఆ తల్లిని గట్టిగా మందలించాము. ఆమె అంతా విని నెమ్మదిగా ఇలా అన్నది: "కట్టెయ్యకుంటే బాయిల పడ్తడు డాక్టరమ్మా. నేను తోటల కాయ కొయ్య పోకుంటే ఇద్దరం ఏం తింటం? పొద్దంత వాన్ని యాడ ఉంచాలె? మీరే చెప్పుండ్రి."

పుండుకు కట్టు కట్టాము. మూర్ఛ మాత్రల మోతాదు సరిచేశాము. ఆమె అడిగిన ప్రశ్నకు మాత్రం ఆ రోజు మా దగ్గర జవాబు లేదు. మందలించడం తేలిక. తాడు విప్పిన తరువాత ఆ పిల్లవాడు పగలంతా ఎక్కడ ఉండాలో చూపించడం కష్టం. ఈ నెల పాఠంలో ఆ ప్రశ్నకే జవాబు వెదుకుదాము.

ఎవరిని గురించి మాట్లాడుతున్నాము?

మన ఊళ్లలో "పిచ్చి" అనే ఒక్క మాటతో రెండు వేరు వేరు సంగతులను కలిపేస్తారు. మొదట వాటిని విడదీసి తెలుసుకోవాలి.

మొదటిది బుద్ధిమాంద్యం. దీనినే ఇప్పుడు మేధో వైకల్యం అంటున్నారు. ఇది జబ్బు కాదు, ఒక స్థితి. పుట్టుకతోనో, చిన్నతనంలోనో మొదలవుతుంది. కాన్పు సమయంలో బిడ్డకు ఊపిరి అందకపోవడం, డౌన్ సిండ్రోమ్, పుట్టుకతో థైరాయిడ్ లోపం, మెదడువాపు జ్వరం, కొన్ని కుటుంబాలలో మేనరికపు పెళ్లిళ్ల వలన వచ్చే లోపాలు ఇందుకు కారణాలు. దీనికి మందు లేదు. కాని నేర్పితే నేర్చుకుంటారు, నిదానంగా నేర్చుకుంటారు. వీరిలో సుమారు ఐదుగురిలో ఒకరికి మూర్ఛ కూడా ఉంటుంది. దానికి మాత్రం మంచి మందులున్నాయి.

రెండవది మానసిక వ్యాధి. స్కిజోఫ్రీనియా, బైపోలార్ వ్యాధి వంటివి ఎక్కువగా యౌవనంలో మొదలవుతాయి. అంతవరకు చక్కగా చదువుకున్నవారు, పొలం చేసుకున్నవారు కూడా మారిపోతారు. చెవిలో మాటలు వినిపించడం, అందరి మీదా అనుమానం, నిద్ర పట్టకపోవడం, స్నానం మానేసి మూల కూర్చోవడం వంటి లక్షణాలు కనిపిస్తాయి. మందులు మానకుండా వాడితే చాలామంది బాగుపడతారు. అయితే లక్షణాలు తగ్గినా బద్ధకం, భయం, నలుగురిలో కలవలేకపోవడం కొందరిలో మిగిలిపోతాయి.

2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో మేధో వైకల్యం ఉన్నవారు 15 లక్షల పైన, మానసిక వ్యాధి వలన వైకల్యం ఉన్నవారు 7 లక్షల పైన. ఇంట్లో దాచి ఉంచినవారు లెక్కకు రారు కాబట్టి అసలు సంఖ్య ఇంతకంటే ఎక్కువే అని వైద్యులు భావిస్తారు.

ఈ రెండు గుంపులకూ ఉన్న లోటు ఒకటే: పొద్దున లేచి వెళ్లడానికి ఒక చోటు లేదు, పేరు పెట్టి పిలిచే స్నేహితులు లేరు, చేతికి పని లేదు.

పగటి కేంద్రం, స్నేహ కూటం అంటే ఏమిటి?

పగటి కేంద్రం అంటే పొద్దున వచ్చి సాయంత్రం ఇంటికి వెళ్లే చోటు. అది హాస్టలు కాదు, ఆసుపత్రి వార్డు కాదు. స్నేహ కూటం ఇంకా చిన్నది. వారానికి ఒక పూటో రెండు పూటలో కలిసి కూర్చుని ఆడుకుని, పాడుకుని, టీ తాగి, చిన్న పని చేసుకుని వెళ్లడం.

ఈ ఆలోచన కొత్తది కాదు. బెల్జియం దేశంలోని గీల్ అనే పట్టణంలో మానసిక రోగులను ఇళ్లలో పెట్టుకుని కుటుంబంతో సమానంగా చూసుకునే ఆచారం కొన్ని వందల ఏళ్లుగా ఉంది. అది అక్కడి గుడికి వచ్చే యాత్రికుల వలన మొదలయింది. ఇంగ్లండులో 1930ల చివర జాషువా బీరర్ అనే డాక్టరు ఆసుపత్రిలోని రోగులతో సోషల్ క్లబ్బు మొదలుపెట్టాడు. దాని పనులు రోగులే చూసుకునేవారు. 1946లో ఆయన లండనులో పగలు మాత్రమే ఉండి వెళ్లే ఆసుపత్రిని తెరిచాడు. అమెరికాలోని న్యూయార్కులో మానసిక ఆసుపత్రి నుండి బయటికి వచ్చినవారు కొందరు "మేము ఒంటరివాళ్లం కాము" అని ఒక జట్టుగా కలుసుకునేవారు. వారి నుండే 1948లో ఫౌంటెన్ హౌస్ అనే క్లబ్బు పుట్టింది. అక్కడ ఎవరినీ రోగి అనరు, మెంబరు అంటారు. వంట, లెక్కలు, ఊడ్చడం, వచ్చినవారిని పలకరించడం అన్నీ మెంబర్లే సిబ్బందితో కలిసి చేస్తారు. ఈ పద్ధతి తరువాత ఎన్నో దేశాలకు పాకింది.

మన దేశంలో క్రైస్తవ వైద్య సేవకు దీనిలో మంచి పాలు ఉంది. వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీవారు 1957లో మానసిక ఆరోగ్య కేంద్రం తెరిచినప్పుడు రోగితోపాటు కుటుంబం కూడా వచ్చి ఉండే ఏర్పాటు చేశారు. రోగిని ఎలా చూసుకోవాలో ఇంటివాళ్లు అక్కడే నేర్చుకునేవారు. 1964లో బెంగుళూరులో డాక్టర్లు, పాస్టర్లు కలిసి మెడికో పాస్టోరల్ అసోసియేషన్ స్థాపించారు. ఆసుపత్రికీ ఇంటికీ మధ్యలో కొంతకాలం ఉండే గృహాలను మన దేశంలో మొదట నడిపినవారిలో వీరు ఉన్నారు. 1984లో డాక్టర్ శారదా మీనన్ గారు చెన్నైలో స్కార్ఫ్ సంస్థను ప్రారంభించారు. అదే 1984లో సికింద్రాబాదు బోయిన్‌పల్లి దగ్గర మనోవికాస్ నగర్‌లో బుద్ధిమాంద్యం ఉన్నవారి కోసం జాతీయ సంస్థ మొదలయింది. తెలుగువారి ఇళ్లకు దగ్గరలో ఉన్న పెద్ద సంస్థ అదే. అక్కడ పరీక్షలు చేస్తారు, తల్లిదండ్రులకు ఎలా నేర్పాలో చూపిస్తారు, ప్రత్యేక టీచర్లకు శిక్షణ ఇస్తారు.

అయితే కొల్లాపూరు నుండి, సోమశిల నుండి, పెంట్లవెల్లి నుండి రోజూ సికింద్రాబాదు పోయి రాలేము కదా! చోటు మన దగ్గరే ఉండాలి.

వాక్యం ఏమి నేర్పుతుంది?

మెఫీబోషెతు కథ మనకు తెలిసినదే. ఐదేళ్ల వయసులో దాది ఎత్తుకుని పరుగెత్తుతుండగా కింద పడి అతని రెండు కాళ్లూ కుంటివయ్యాయి. అందులో అతని పాపం గాని తల్లిదండ్రుల పాపం గాని లేదు. పెద్దవాడయ్యాక లోదెబారులో ఒకరి ఇంట్లో తల దాచుకుంటున్నాడు. దావీదు రాజు అతన్ని వెదికించి పిలిపించాడు. రెండు పనులు చేశాడు. ఒకటి, తాతగారి పొలం అతనికి తిరిగి ఇప్పించాడు. రెండు, ప్రతి దినము రాజు బల్ల దగ్గర భోజనానికి చోటు ఇచ్చాడు.

పొలం ఇచ్చి ఊరుకుని ఉంటే కడుపు నిండేది. లోదెబారులో ఒంటరితనం మాత్రం పోయేది కాదు. ఈ రోజు ప్రభుత్వం ఇచ్చే పెన్షను పొలం వంటిది. అది తప్పకుండా కావాలి. బల్ల దగ్గర చోటు మాత్రం ప్రభుత్వం ఇవ్వలేదు, ఇరుగుపొరుగువారూ సంఘమూ ఇవ్వాలి. ఆ అధ్యాయం చివరి మాట కూడా గమనించండి. అతని కాళ్లు బాగుకాలేదు. కుంటివాడుగానే రాజు బల్ల దగ్గర కూర్చున్నాడు. బాగయితేనే రండి అని మనం అనకూడదు.

మార్కు సువార్తలో సమాధులలో తిరిగిన మనిషిని ఊరివాళ్లు గొలుసులతో కట్టి చూశారు. గొలుసుల వలన ఏమీ బాగుపడలేదు. బాగుపడినవాడు ప్రభువుతో పడవ ఎక్కుతానని అడిగినప్పుడు ప్రభువు అతన్ని తన ఇంటికి, తనవారి దగ్గరికి పంపాడు. ఈ భాగాన్ని చూపి మానసిక వ్యాధి అంతా దయ్యమే అని చెప్పి మందులు మాన్పించడం తప్పు. ప్రార్థన చేయండి, మాత్ర కూడా వేయించండి. రెండింటికీ పోట్లాట లేదు.

కట్టివేయడం వలన ఎంత నష్టమో మన దేశంలోనే చూశాము. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో ఒక ఆశ్రయంలో అగ్నిప్రమాదం జరిగినప్పుడు గొలుసులతో కట్టి ఉన్న మానసిక రోగులు పరుగెత్తలేకపోయారు. 28 మంది చనిపోయారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మానసిక రోగిని ఏ రూపంలోనూ గొలుసులతో బంధించకూడదని చెబుతుంది.

మన ఊరిలో ఎలా మొదలు పెట్టాలి?

పెద్ద భవనం, పెద్ద నిధులు అవసరం లేదు. వారానికి ఒక పూటతో మొదలు పెట్టండి.

1. లెక్క తీయండి. ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ టీచరు, స్త్రీల సమాజపు అక్కలు కలిసి ఇంటింటికీ వెళ్లి అడగండి. "మీ ఇంట్లో పిచ్చివాళ్లు ఉన్నారా" అని అడిగితే తలుపు మూసుకుంటారు. "మీ ఇంట్లో ఎవరికైనా తోడు లేకుండా బయటికి పోవడం కష్టమా" అని అడగండి.

2. చోటు చూడండి. చర్చి హాలు, కమ్యూనిటీ హాలు, సెలవు రోజున బడి గది ఏదైనా సరే. మరుగుదొడ్డి, తాగే నీళ్లు, నీడ, చుట్టూ గోడ ఉండాలి. బావి, చెరువు, రోడ్డు మరీ దగ్గరగా ఉండకూడదు. చర్చి హాలులో పెట్టినా అన్ని మతాలవారినీ, అన్ని కులాలవారినీ పిలవాలి. మతం మార్చడానికే పిలుస్తున్నారన్న అనుమానం రాకుండా మొదటి రోజే గ్రామ పెద్దలకు విషయం చెప్పండి.

3. మనుషులను కూర్చుకోండి. ఎనిమిది మంది మెంబర్లకు కనీసం ఇద్దరు పెద్దవాళ్లు ఉండాలి, అందులో ఒకరు స్త్రీ అయి ఉండాలి. ఒక్క మనిషి ఒక్క మెంబరుతో తలుపు వేసిన గదిలో ఎప్పుడూ ఉండకూడదు. ఈ నియమం పాస్టరు గారికీ డాక్టరుకూ కూడా వర్తిస్తుంది.

4. రానుపోను ఏర్పాటు చూడండి. చాలా కేంద్రాలు దీని దగ్గరే ఆగిపోతాయి. మొదటి రోజులలో ఇంటికి వెళ్లి తోడుగా తీసుకురావాలి. ఒక వాడలోని ముగ్గురు నలుగురు కలిసి నడిచి వచ్చేలా చూడండి. దూరం నుండి వచ్చేవారికి ఆటో ఖర్చు కుటుంబాలు, సంఘం పంచుకోవచ్చు.

5. తల్లిదండ్రులను ఒక జట్టు చేయండి. నెలకు ఒకసారి వారు మాత్రమే కూర్చుని మాట్లాడుకోవాలి. "నా తరువాత వీడి గతి ఏమిటి" అనే మాట ఇంకొక తల్లి దగ్గర మాత్రమే నోరు విప్పి చెప్పగలరు.

ఒక పూట కార్యక్రమం

పది గంటలకు రాక, పేరు పెట్టి పలకరింపు, హాజరు. మెంబరే హాజరు పిలిస్తే ఇంకా మంచిది. తరువాత చేతులు కడుక్కోవడం, జుట్టు దువ్వుకోవడం. ఇది ప్రతి వారం చేయాలి, ఎందుకంటే రోజూ చేసే పనులే వీరు మొదట నేర్చుకోవలసినవి. పదిన్నరకు పాటలు, కోలాటం, అష్టాచెమ్మా, బంతి ఆట. పదకొండున్నరకు టీ. టీ కాచడం, గ్లాసులు పంచడం మెంబర్ల పనే.

పన్నెండు గంటలకు చేతి పని. మన ప్రాంతానికి తగిన పనులు ఎన్నో ఉన్నాయి. మోదుగు ఆకులతో విస్తళ్లు కుట్టడం, పల్లీలు వలవడం, నర్సరీ సంచులలో మట్టి నింపడం, కాగితం కవర్లు అంటించడం, మామిడి సీజనులో కాయలను సైజు వారీగా ఏరడం. పనిని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టండి. విస్తరిలో ఒకరు ఆకులు తుడుస్తారు, ఒకరు పేరుస్తారు, ఒకరు కుడతారు, ఒకరు లెక్కపెట్టి కట్ట కడతారు. వచ్చిన డబ్బు చేసినవారికే చెందాలి. పది రూపాయలైనా వారి చేతిలోనే పెట్టండి. ఒంటిగంటకు భోజనం, ఒంటిగంటన్నరకు ఇంటికి.

ఆరోగ్య జాగ్రత్తలు

మూర్ఛ వస్తే: చుట్టూ ఉన్న రాళ్లు, వస్తువులు తీసివేయండి. తల కింద మెత్తని గుడ్డ పెట్టండి. కొట్టుకోవడం ఆగగానే ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి. చేతిలో తాళాలు పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం వలన లాభం లేదు. నోట్లో చెంచా, గుడ్డ, నీళ్లు ఏవీ పెట్టకూడదు. ఐదు నిమిషాలు దాటినా, ఆగి మళ్లీ మళ్లీ వచ్చినా 108కి ఫోను చేయండి.

మాత్రలు: ప్రతి మెంబరు వాడే మందు పేరు, మోతాదు ఒక పుస్తకంలో రాసి ఉంచండి. బాగున్నాడు కదా అని మూర్ఛ మాత్రలు గాని మానసిక వ్యాధి మాత్రలు గాని ఒక్కసారిగా ఆపకూడదు. తగ్గించాలంటే డాక్టరే తగ్గించాలి.

ఎండ: మన పాలమూరు ఎండలో ఇది మరువకూడదు. మానసిక వ్యాధికి వాడే కొన్ని మందుల వలన చెమట తగ్గి వడదెబ్బ త్వరగా తగులుతుంది. లిథియం వాడేవారికి ఒంట్లో నీరు తగ్గితే మందు విషంగా మారవచ్చు. వేసవిలో పొద్దున్నే కలుసుకోండి, గంటకొకసారి మంచినీళ్లు ఇవ్వండి. లిథియం వాడేవారికి చేతులు బాగా వణకడం, వాంతులు, తూలడం కనిపిస్తే ఆ రోజే ఆసుపత్రికి తీసుకురండి.

గమనింపు: మాట రానివారికి పంటి నొప్పి, చెవి నొప్పి, మలబద్ధకం ఉంటే చెప్పలేక కోపం చూపిస్తారు. మంచిగా ఉన్న మనిషి ఒక్కసారిగా మారితే మొదట ఒంట్లో నొప్పి ఉన్నదేమో చూడండి. బట్టల మీద రక్తం, శరీరం మీద దెబ్బలు, ఒక మనిషిని చూస్తే భయం కనిపిస్తే లైంగిక హింస జరిగి ఉండవచ్చు. దాచిపెట్టవద్దు, పోలీసులకు చెప్పాలి.

చేయకూడనివి

కొట్టకూడదు, గదిలో పెట్టి తాళం వేయకూడదు. ఇరవై ఏళ్ల మనిషిని చిన్న పిల్లవానిలాగా బుజ్జగించకూడదు. వయసుకు తగిన మర్యాద ఇవ్వాలి. వారినీ ఇంటివారినీ అడగకుండా ఫొటోలు తీసి పత్రికలలో వేయకూడదు. పండుగనాడు పండ్లు పంచి, మిగిలిన ఏడాదంతా మరచిపోకూడదు. మొదలుపెట్టి మూడు నెలలకు మానేస్తే, మొదలు పెట్టకపోవడం కంటే ఎక్కువ బాధ కలుగుతుంది.

ఎక్కువ ఆశలు కూడా చెప్పకూడదు. గోవా, తమిళనాడు, మహారాష్ట్రలలో స్కిజోఫ్రీనియా ఉన్న 282 మందితో జరిగిన ఒక అధ్యయనం 2014లో అచ్చయింది. ఆసుపత్రి వైద్యానికి తోడుగా శిక్షణ పొందిన ఊరి కార్యకర్తలు ఇళ్లకు వెళ్లి సాయం చేసినప్పుడు వ్యాధి లక్షణాలు, వైకల్యం కొంత తగ్గాయి. కొంతే తగ్గాయి, మాయమవలేదు. అయినా ఆ కొంత ఒక కుటుంబానికి చాలా పెద్దది.

చట్టం, సహాయాలు

2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలు ఉన్నాయి. మేధో వైకల్యం, మానసిక వ్యాధి రెండూ అందులో ఉన్నాయి. అందరితోపాటు సమాజంలో బ్రతికే హక్కు వీరికి ఉందని ఆ చట్టం చెబుతుంది. 40 శాతం లేక అంతకు మించి వైకల్యం ఉన్నట్లు సర్టిఫికెట్టు తీసుకోండి, యు.డి.ఐ.డి. కార్డుకు దరఖాస్తు చేయండి. తెలంగాణలో వికలాంగుల పెన్షను 2023లో 3,016 రూపాయల నుండి 4,016 రూపాయలకు పెరిగింది. సర్టిఫికెట్టు లేనివారికి అది అందదు.

1999 నేషనల్ ట్రస్టు చట్టం ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యం ఉన్నవారి కోసం వచ్చింది. దాని కింద నిరామయ అనే ఆరోగ్య బీమాలో ఏడాదికి లక్ష రూపాయల వరకు సహాయం ఉంది. పద్దెనిమిదేళ్లు దాటినవారికి చట్టపరమైన సంరక్షకుని నియమించడానికి కలెక్టరు అధ్యక్షతన జిల్లా స్థాయి కమిటీ ఉంటుంది. "నా తరువాత ఎవరు" అని దిగులుపడే తల్లిదండ్రులు బ్రతికి ఉండగానే ఈ పని చేసుకోవాలి.

బడి వయసు పిల్లలకు మండల కేంద్రాలలోని భవిత కేంద్రాలు ఉన్నాయి. మీ మండలంలోని కేంద్రం గురించి విద్యాధికారి కార్యాలయంలో అడగండి. నాగర్‌కర్నూలు, వనపర్తిలలో 2022లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. మానసిక వైద్యుడు ఏ రోజు చూస్తారో కనుక్కుని వెళ్లండి. ఫోనులో సలహా కావాలంటే 14416 నంబరుకు ఉచితంగా చేయవచ్చు. టెలి మానస్ అనే ఈ సేవ 2022 అక్టోబరు 10న ప్రారంభమయింది, తెలుగులో మాట్లాడతారు.

చివరిగా

ఆ తల్లి వారం తరువాత కట్టు మార్పించుకోవడానికి వచ్చింది. ఆమె అడిగిన ప్రశ్న మేము మరువలేదని, మమ్మల్ని క్షమించమని చెప్పాము. "క్షమాపణ నాకెందుకమ్మా, వారానికి ఒక దినమన్న వాన్ని ఎవరన్న చూసుకుంటే సాలు" అన్నది. ఒక దినము! ఆమె అడిగినది అంతే. ఈ పత్రిక చదివే ప్రతి సంఘం వారానికి ఒక్క పూట హాలు తాళం తీస్తే, ఎన్ని ఇళ్లలో తాడు విప్పవచ్చో ఆలోచించండి.

చర్చకు ప్రశ్నలు (స్త్రీల సమాజములో, యవ్వనస్థుల కూటములో చర్చించుకోండి)

1. మన ఊరిలో ఇంటి నుండి బయటికి రానివారు ఎవరెవరు ఉన్నారు? వారి పేర్లు మనకు తెలుసా?
2. మెఫీబోషెతుకు పొలం, బల్ల రెండూ ఎందుకు అవసరమయ్యాయి? మనం ఏది ఇస్తున్నాము, ఏది మరచిపోతున్నాము?
3. మూర్ఛ వచ్చినప్పుడు చేయవలసినవి మూడు, చేయకూడనివి మూడు చెప్పండి.
4. వారానికి ఒక పూట మన హాలు తెరవాలంటే ఎవరు తాళం తీస్తారు, ఎవరు తోడు వెళ్లి తీసుకొస్తారు, ఎవరు టీ పొడి, చక్కెర తెస్తారు? ఈ రోజే పేర్లు రాయండి.

ప్రార్థన: ప్రభువా, మేము మూసి ఉంచిన తలుపులు మాకు చూపించుము. తాడు విప్పే చేతులు, చోటు ఇచ్చే బల్ల మాకు దయచేయుము. ఆమేన్.